సిగ్నల్ తక్కువున్న మనిషి నుంచి మొదలుపెట్టండి

ఒడిశా గజపతి జిల్లా కాశీనగరం దగ్గర పల్లెలో గ్రంథాలయ సంఘం నడుపుతున్నామని, సభ్యులు 23 మంది అని, సగం మంది ఊళ్లోనే ఉంటే మిగతావాళ్లు బరంపురం, హైదరాబాద్, సూరత్, మస్కట్‌లలో ఉన్నారని రాశారు. రెండుసార్లు వీడియో మీటింగ్ పెడితే రెండుసార్లూ గోలగోల అయిందని, సూరత్ వాళ్లు ఇక రామన్నారని కూడా రాశారు. ఏ యాప్ మంచిది, గ్రంథాలయానికి పెద్ద టీవీ, కెమెరా కొనాలా అన్నవి మీ ప్రశ్నలు. ఆగస్టు 29న గిడుగు వారి జయంతిని పిల్లలతో ఇలాగే జరపాలని మీ ఆలోచన.

ముందు టీవీ సంగతి చెప్పేస్తాను. కొనకండి. ఆ డబ్బులో పదో వంతు పెట్టి మైకు ఉన్న చిన్న స్పీకరు ఒకటి, కరెంటు పోయినా నడిచేలా ఒక పవర్ బ్యాంకు తీసుకోండి. మిగతాది పుస్తకాలకు ఉంచండి. యాప్ మార్చినా మీ ఇబ్బంది తీరదు. అది ఎక్కడుందో మీరు రాసిన ఒక్క వాక్యంలోనే తెలిసిపోయింది: "ఊళ్లో అందరం లైబ్రరీలో కూర్చున్నాం, ఎవరి ఫోన్ వాళ్లు పట్టుకున్నాం."

నేను బరంపురంలో ఒక ఆఫీసులో వీడియో కాన్ఫరెన్స్ గది చూసుకునే పని 11 ఏళ్లు చేశాను. తర్వాత పర్లాకిమిడి వచ్చేశాను. 2020 లాక్‌డౌన్ నుంచి మా సంఘం మీటింగులు నేనే నడుపుతున్నాను. ఆఫీసులో మొదట్లో ఇంటర్నెట్ మీద కాకుండా ఐఎస్‌డీఎన్ అనే డిజిటల్ టెలిఫోన్ లైన్ల మీద కాన్ఫరెన్స్ నడిచేది. ఒక్కో ఛానల్‌కు సెకనుకు 64 కిలోబిట్ల డేటా. అలాంటివి 6 కలిపితే 384 కిలోబిట్లు, అంతే. ఈ రోజు మీ ఊళ్లో మామూలు 4జీ ఫోన్‌కు రెండు గీతల సిగ్నల్ ఉన్నా చాలాసార్లు అంతకంటే ఎక్కువే వస్తుంది. అయినా ఆ రోజుల్లో మీటింగులు బాగా జరిగేవి. బొమ్మ గళ్లు గళ్లుగా ఉండేది, మనిషి చెయ్యి ఊపితే చెయ్యి వెనకాల తోకలా కనబడేది. కానీ గదికి ఒకటే మైకు. ఎవరు ఎప్పుడు మాట్లాడాలో చెప్పే మనిషి ఒకరు ఉండేవారు. మాట స్పష్టంగా వినబడేది. ఇప్పుడు బొమ్మ బాగుపడింది, ఆ పద్ధతి మాత్రం పోయింది.

బొమ్మ చూపించే ఫోను కొత్తదేమీ కాదు. అమెరికాలో ఏటీ అండ్ టీ కంపెనీ 1964లో న్యూయార్క్ ప్రదర్శనలో పిక్చర్‌ఫోన్ అని చూపించింది, 1970లో పిట్స్‌బర్గ్‌లో అమ్మకానికి పెట్టింది. జనం తీసుకోలేదు, కొన్నేళ్లకే మూలపడింది. ఖరీదు ఎక్కువ కావడం ఒక కారణం. మామూలు ఫోనుతో పని జరిగిపోతుండటం ఇంకో కారణం. వీడియో మీటింగ్ అనగానే మన ధ్యాసంతా వీడియో మీదకు పోతుంది గానీ మీటింగు నడిచేది మాట మీద. మొహాలు మొదట ఐదు నిమిషాలు కనబడితే చాలు. మాట మాత్రం మొదటి నుంచి చివరిదాకా తెగకూడదు.

దీనికి ఒక లెక్క ఉంది. ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకునేటప్పుడు ఒకరు ఆపడానికి, ఇంకొకరు అందుకోవడానికి మధ్య ఖాళీ సగటున సెకనులో ఐదో వంతు, అంటే 200 మిల్లీసెకన్లు. పది భాషల్లో మాటల్ని కొలిచి 2009లో ఈ సంగతి ప్రచురించారు. అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సంఘం ఫోను మాటకు పెట్టిన ప్రమాణం ప్రకారం మాట ఇటు నుంచి అటు చేరడానికి పట్టే ఆలస్యం 150 మిల్లీసెకన్లు దాటకపోతే ఇబ్బంది తెలియదు, 400 దాటితే మాట సాగదు. మన కొండల వైపు సిగ్నల్ బలహీనమైనప్పుడు ఆలస్యం ఈ రెంటి మధ్యకు సులువుగా వచ్చేస్తుంది. అప్పుడు ఏమవుతుందంటే, మీరు ఆపారు అనుకుని సూరత్‌లో ఉన్నాయన అందుకుంటాడు. ఆయన మాట మీ దగ్గరికి వచ్చేలోపు లైబ్రరీలో ఇంకెవరో మొదలుపెట్టేసి ఉంటారు. ఇద్దరూ ఆగుతారు, ఇద్దరూ మళ్లీ ఒకేసారి మొదలుపెడతారు. రెండు మూడుసార్లు అలా జరిగితే దూరంగా ఉన్నవాడు మర్యాద కోసం ఊరుకుంటాడు. మీరు "వాళ్లకు ఆసక్తి లేదు" అనుకుంటారు. మీ సూరత్ సభ్యుల విషయంలో జరిగింది ఇదేనని నాకు గట్టి అనుమానం.

మా సంఘంలో ఇది నాకు అర్థమైంది మా మేనత్త వల్ల. ఆవిడది గుమ్మ బ్లాకులో కొండ కింద ఊరు. ఇంట్లో సిగ్నల్ రాదు. బడి పక్కన వాటర్ ట్యాంకు మెట్ల మీద కూర్చుంటే రెండు గీతలు వస్తాయి. మూడు మీటింగులకు వచ్చింది. ప్రతిసారీ ఆవిడ మొహం నోరు తెరిచినట్టు ఆగిపోయేది, "ఇనపడతందేటి?" అన్న మాట ముక్కలుగా వచ్చేది, మేము "సిగ్నల్ లేదత్తా, తర్వాత మాట్లాడు" అని ముందుకెళ్లిపోయేవాళ్లం. నాలుగోసారి ఎందుకో నాకు తోచింది. అందరినీ వీడియో ఆపెయ్యమన్నాను. పద్దెనిమిది మంది మొహాలూ పోయి పేర్లు మాత్రం మిగిలాయి. అర నిమిషంలో ఆవిడ గొంతు తేటగా వచ్చింది, వెనకాల మేకల మెడలో గంటలతో సహా. "నాను మూడు నెల్ల నుంచి సెప్తన్నాను, మా ఊరికి పుస్తకాల పెట్టి రాలేదు. పిల్లలు ఎదురుసూస్తన్నారు" అంది. పెట్టె వెళ్లిందనే లెక్కల పుస్తకంలో రాసి ఉంది మా దగ్గర. అది దారిలో ఒక ఇంట్లో ఉండిపోయింది. మూడు నెలలు ఆవిడ చెబుతూనే ఉంది, మేము వినలేదు.

ఆ రోజు నుంచి మా మీటింగు ఏర్పాట్లన్నీ ఆవిడను బట్టే చేస్తున్నాం. మీ 23 మందిలో అందరికంటే బలహీనమైన సిగ్నల్ ఎవరిదో ముందు కనుక్కోండి. ఆ మనిషికి వినబడితే, ఆ మనిషి మాట మీకు వినబడితే, మిగతా 22 మంది గురించి టెన్షన్ అక్కర్లేదు.

అందరూ వీడియో ఆపితే ఒక్కరి మాట ఎందుకు బాగుపడిందని మీరు అడగొచ్చు. గ్రూప్ కాల్‌లో ఆవిడ ఫోను తన బొమ్మ పంపడమే కాదు, మిగతావాళ్ల బొమ్మలన్నీ దింపుకోవాలి కూడా. బొమ్మకు సెకనుకు అటు 600, ఇటు 600 కిలోబిట్లు అనుకున్నా గంటకు 540 ఎంబీ దాకా అవుతుంది. మాట ఒక్కటే అయితే సెకనుకు 100 కిలోబిట్లు వేసుకున్నా గంటకు 45 ఎంబీ. రోజుకు ఒకటిన్నర జీబీ ప్యాక్ వేసుకునే మనిషికి ఈ తేడా చాలా పెద్దది. ఇప్పటి యాప్‌లలో చాలావాటిలో మాటను కుదించడానికి ఓపస్ అనే పద్ధతి వాడతారు. 2012లో ప్రమాణంగా వచ్చింది. సెకనుకు 6 కిలోబిట్లు దొరికినా అది మాటను మోసుకొస్తుంది. బొమ్మకు దారి వదిలేస్తే ఆ సన్నదారి మాటకు మిగలదు.

ఇక మీ లైబ్రరీ గోల సంగతి. ఒకే గదిలో నాలుగు ఫోన్లు అదే మీటింగులో చేరితే కీచుమనడం ఖాయం. ఫోనులో ప్రతిధ్వనిని తీసేసే ఏర్పాటు ఉంటుంది. తన స్పీకరులోంచి ఏం శబ్దం వెళుతుందో దానికి తెలుసు కాబట్టి, అదే శబ్దం మైకులోకి తిరిగొస్తే తీసేస్తుంది. కానీ పక్కవాడి ఫోను స్పీకరు సంగతి దానికి తెలియదు. పక్క ఫోనులో కాస్త ఆలస్యంగా వచ్చిన మాటను కొత్త మాట అనుకుని మళ్లీ పంపేస్తుంది. అది ఇంకో ఫోనులోంచి వచ్చి దీంట్లో దూరుతుంది. అలా తిరుగుతూ తిరుగుతూ కీచుమంటుంది. అందుకని గదికి ఒక ఫోను, ఒక స్పీకరు. మిగతావాళ్లు తమ ఫోన్లలో మీటింగు నుంచి బయటికి వచ్చెయ్యాలి. మ్యూట్ చేస్తే సరిపోదా అంటే, మైకు ఒక్కటీ మ్యూట్ చేసి స్పీకరు వదిలేస్తారు, మళ్లీ అదే గోల.

మా తొలి వార్షికోత్సవానికి పందిరి వేసి అద్దెకు తెచ్చిన మైకుసెట్టుకు ఫోను తగిలించారు. పెద్ద బాక్సులు రెండు. హైదరాబాద్ నుంచి మాట్లాడుతున్న పెద్దాయనకు ఆయన గొంతే ఆయనకు తిరిగి వినబడటంతో నాలుగు మాటలు కూడా పలకలేకపోయారు. తన మాట తనకే ఆలస్యంగా వినబడితే ఎంత చెయ్యితిరిగిన వక్తకైనా నాలుక తడబడుతుంది. బాక్సులు పెట్టక తప్పకపోతే ఫోను మైకును వాటికి దూరంగా, వాటి వెనకవైపు ఉంచండి. అవతలివాళ్లు మాట్లాడేంతసేపూ పందిరి మైకు ఆపెయ్యండి.

గదిలో ఫోనును ఎక్కడ పెడతారన్నది కూడా ముఖ్యం. బల్ల మీద నేరుగా పెడితే ఎవరు మోచెయ్యి ఆనించినా దడదడమని శబ్దం వెళుతుంది. కింద మడతపెట్టిన తువ్వాలు వేసి, దాని మీద నాలుగు లావుపాటి పుస్తకాలు పేర్చి, ఆ పైన నిలబెట్టండి. సీలింగు ఫ్యాను కింద మాత్రం వద్దు. మన చెవికి ఫ్యాను శబ్దం అలవాటైపోయింది గానీ మైకుకు కాలేదు. వెనకాల కిటికీ ఉంటే మొహాలు నల్లగా కనబడతాయి, కిటికీ ఎదురుగా కూర్చోండి. వెలుతురు గురించి అంతకంటే ఆలోచించక్కర్లేదు.

గదిలో పదిమంది, ఫోనులో ఒక్కొక్కరు ఉన్నప్పుడు ఇంకో అన్యాయం జరుగుతుంది. గదిలో వాళ్లు ఒకరినొకరు చూసుకుని తలూపి నిర్ణయం తీసేసుకుంటారు. టీ తాగుతూ మధ్యలో అనుకున్న మాట ఫోనులో ఉన్నవాళ్లకు అందదు. కాబట్టి వరుస మార్చండి. ప్రతి విషయానికీ ముందు మస్కట్, సూరత్, హైదరాబాద్, బరంపురం వాళ్లను పేరు పెట్టి పిలిచి అడగాలి, ఆ తర్వాతే గదిలో వాళ్లు. "ఎవరైనా ఏమైనా చెబుతారా" అని గాలిలోకి అడిగితే ఎవరూ చెప్పరు. "బావా, పుస్తకాల చందా విషయం నువ్వేమంటావు" అంటే చెబుతాడు. పిలిచాక ఐదు సెకన్లు ఓపిక పట్టండి, నోట్లో లెక్కపెట్టుకోండి. ఆలస్యం ఉన్న లైనులో ఆ ఐదు సెకన్లలోనే మాట వస్తుంది. మాట్లాడేవాళ్లు ముందు తమ పేరు చెప్పాలి, గదిలో ఉన్నా సరే. ఇదంతా చూసుకోవడానికి ఒక మనిషిని పెట్టండి. ఆ మనిషి అధ్యక్షుడు కాకపోతే మంచిది, ఎందుకంటే అధ్యక్షుడికి తన అభిప్రాయాలు ఉంటాయి. మా దగ్గర ఈ పని డిగ్రీ చదివే ఒక అమ్మాయి చేస్తుంది. పెద్దవాళ్లను కూడా "మావయ్యా, ఒక్క నిమిషం, అత్త చెయ్యెత్తింది" అని ఆపగలదు, ఎవరూ ఏమీ అనుకోరు.

యాప్ అడిగారు కాబట్టి. నెలవారీ కమిటీ మీటింగుకు వాట్సాప్ గ్రూప్ కాల్ చాలు, 32 మంది దాకా చేరొచ్చు, అందరి ఫోన్లలోనూ ఉంది, కొత్తగా ఎవరికీ నేర్పక్కర్లేదు. ఒమన్‌లో వాట్సాప్ కాల్స్ మీద ఆంక్షలు ఉన్నాయి కాబట్టి మస్కట్ వాళ్లకు కలుస్తుందో లేదో మాత్రం ముందు చూసుకోండి. కలవకపోయినా, అంతకంటే ఎక్కువమంది వచ్చే సభ అయినా గూగుల్ మీట్ పెట్టుకోండి. ఉచితంగా 100 మంది దాకా, ముగ్గురు అంతకంటే ఎక్కువ ఉంటే 60 నిమిషాలు. జూమ్ ఉచిత మీటింగు 40 నిమిషాలకు తెగుతుంది. డబ్బు కట్టి ఆ గడువు పెంచుకోవాలని మీ కార్యదర్శి అన్నారట, నేనైతే వద్దంటాను. 40 నిమిషాల్లో తేలని సంగతి ఫోనులో రెండు గంటలు కూర్చున్నా తేలదు. స్క్రీన్ చూస్తూ ఎక్కువసేపు కూర్చుంటే వచ్చే అలసట నిజమైనదే. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో జెరెమీ బెయిలెన్సన్ 2021లో దీనికి కారణాలు రాశారు. మొహాలు మరీ దగ్గరగా కనబడటం, మన మొహం మనకే అద్దంలోలా ఎదురుగా ఉండటం, కదలకుండా కూర్చోవాల్సి రావడం వాటిలో కొన్ని. వీడియో ఆపేస్తే ఇవన్నీ చాలావరకు తగ్గుతాయి. ఏ యాప్‌కూ మీ సంఘాన్ని కట్టిపడెయ్యకండి కూడా. లోకమంతా వాడిన స్కైప్ 2025 మే 5న మూతపడింది. సభ్యుల ఫోను నంబర్లు మాత్రం ఒక నోటుబుక్కులో చేత్తో రాసి ఉంచండి.

సరిహద్దులో ఉన్నవాళ్లకు వచ్చే ఇంకో చిక్కు ఉంది, హైదరాబాద్ వాళ్లకు ఇది చెప్పినా అర్థం కాదు. మీకు వంశధార అవతల భామిని, మాకు మహేంద్రతనయ అవతల పాతపట్నం. ఇంట్లో కూర్చున్న చోటే ఫోను కాసేపు ఒడిశా టవరు పట్టుకుంటుంది, కాసేపు ఆంధ్రా టవరు పట్టుకుంటుంది. అలా మారేటప్పుడే మా కాల్స్ ఎక్కువగా తెగుతాయి. సెట్టింగుల్లో నెట్‌వర్క్‌ను ఆటోమేటిక్ తీసేసి చేత్తో ఎంచుకునే వీలు ఉంటుంది. మీటింగుకు పది నిమిషాల ముందు రెండూ చూసి, ఏది నిలకడగా ఉంటే అది పెట్టుకోండి. 5జీ వస్తూ పోతూ ఉంటే 4జీకి దించెయ్యండి. వేగం తగ్గినా నిలకడ వస్తుంది, మనకు కావలసింది అదే. మీటింగు అయ్యాక మళ్లీ ఆటోమేటిక్‌కు మార్చడం మరిచిపోవద్దు, లేకపోతే మర్నాడు బజారుకెళ్లిన మనిషికి ఫోను పనిచెయ్యదు.

నెట్ పూర్తిగా పోతే ఏం చెయ్యాలో కూడా ముందే అనుకోండి. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను వచ్చినప్పుడు గజపతి జిల్లా ఎంత దెబ్బతిందో మీకు తెలుసు. అలాంటప్పుడు మీటింగు ఎవరికీ పట్టదు గానీ, మామూలు వానాకాలంలో కరెంటు పోయి టవరు బలహీనపడే రోజులు బోలెడు. మేము పెట్టుకున్న పద్ధతి ఏమిటంటే, నెట్ అందని మనిషికి గదిలో ఎవరో ఒకరు మామూలు ఫోను కాల్ చేసి, ఆ ఫోనును స్పీకరులో పెట్టి మీటింగు మైకు దగ్గర ఉంచుతారు. మొరటు పద్ధతే, కానీ మా మేనత్త గత శ్రావణంలో ఓటు వేసింది ఇలాగే.

వేళ విషయంలో మస్కట్ సులువు, మనకంటే గంటన్నర వెనక. మన రాత్రి 8.30 అంటే అక్కడ 7 గంటలు. ఒమన్‌లో సెలవు శుక్ర, శనివారాలు కాబట్టి ఆదివారం వాళ్లకు పనిరోజు అని గుర్తుంచుకోండి. సూరత్‌లో మరమగ్గాల మీద పనిచేసేవాళ్లకు 12 గంటల షిఫ్టులు, నలుగురైదుగురు ఒకే గదిలో ఉంటారు, పక్కన నైట్ డ్యూటీ చేసొచ్చినవాడు నిద్రపోతుంటాడు. మీటింగులో మాట్లాడమంటే గొంతెత్తలేరు, బయట రోడ్డు మీద నిలబడి మాట్లాడాలి. మీ సూరత్ సభ్యులకు ఇలాంటి ఇబ్బంది ఉందేమో ఎవరైనా అడిగారా? మా వాళ్లకు ఉంది. వాళ్ల అభిప్రాయాన్ని ముందురోజు వాయిస్ మెసేజ్‌లో తీసుకుని మీటింగులో అందరికీ వినిపిస్తాం. అది కూడా హాజరుగానే లెక్క వేస్తాం.

నిర్ణయాలు రాయడం గురించి మీరు అడగలేదు గానీ చెప్పాలి. మన వైపు పిల్లలు చాలామంది ఒడియా మీడియంలో చదివారు. ఇంట్లో గలగలా తెలుగు మాట్లాడతారు, తెలుగు అక్షరాలు మాత్రం కూడబలుక్కోవాలి. తెలుగులో టైపు చేసిన నిర్ణయాలు గ్రూపులో పెడితే అందరూ దండం బొమ్మ పెడతారు, చదివినవాళ్లు నలుగురే. అందుకే మేము అదే రాత్రి రెండు నిమిషాల వాయిస్ మెసేజ్ కూడా పెడతాం: ఏం అనుకున్నాం, ఎవరు చెయ్యాలి, ఏ తేదీకి. మా సంఘంలో పనులు జరగడం మొదలైంది ఆ మెసేజ్ పెట్టడం మొదలయ్యాకే.

గిడుగు వారి జయంతి దగ్గరికి వస్తే, పర్లాకిమిడి బడిలో ఏళ్ల తరబడి పాఠం చెప్పి, సవరల భాష నేర్చుకుని దానికి వ్యాకరణం, నిఘంటువు రాసి, జనం మాట్లాడే తెలుగు కోసం కొట్లాడిన మనిషి జయంతి మన జిల్లాలో జరపడం ఎంతైనా న్యాయం. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి అందులో కలిసినప్పుడు ఆయన ఇక్కడి నుంచి రాజమండ్రి వెళ్లిపోయారు. పిల్లలకు ఆ కథ చెప్పండి. కానీ నాలుగు ఊళ్ల పిల్లలు కలిసి ప్రార్థనా గీతం పాడాలన్న ఆలోచన మానుకోండి. ఒక్కొక్కరి గొంతు ఒక్కో ఆలస్యంతో వస్తుంది కాబట్టి ఎవరి తాళమూ ఎవరికీ కలవదు. పైగా ఒకేసారి ఎక్కువ గొంతులు వస్తే యాప్ కొన్నిటిని అణిచేస్తుంది. మేము ప్రయత్నించాం, పిల్లలు తప్పు తమదే అనుకుని చిన్నబుచ్చుకున్నారు. ఒక ఊరి పిల్లలు పాడాలి, మిగతా ఊళ్లు మ్యూట్‌లో ఉండి తమ గదిలో గొంతు కలపాలి. తర్వాతి చరణం ఇంకో ఊరు. ఒక్కో పిల్ల, పిల్లాడు ఒక్కో పద్యం చెప్పడం అన్నిటికంటే బాగుంటుంది. ఒక సవర పిల్లతో ఆమె భాషలో నాలుగు మాటలు చెప్పించండి, ఆ రోజుకు అది చాలా తగినది.

లింకును బహిరంగ గ్రూపుల్లో పెట్టకండి, పిల్లలు ఉన్న సభ కాబట్టి ఎవరు వస్తున్నారో చూసి లోపలికి తీసుకోండి. రికార్డు చేస్తుంటే ముందే చెప్పండి. వీడియో కాల్ అనగానే పెద్దవాళ్లు భయపడుతున్నారు, "డిజిటల్ అరెస్ట్" పేరుతో జరుగుతున్న మోసాల వల్ల. వాళ్ల భయం సరైనదే. వీడియో కాల్‌లో ఎవరినీ అరెస్టు చెయ్యరని, డబ్బు అడిగితే పెట్టేసి 1930కు ఫోన్ చెయ్యాలని మీటింగు మొదట్లో ఒకసారి చెప్పండి. మన లింకు ఎవరు పంపుతారో ఆ ఒక్కరి పేరు అందరికీ తెలిసి ఉండాలి.

ఈ వారం మీరు చెయ్యాల్సింది ఒకటే. సూరత్ వాళ్లకు మెసేజ్ పెట్టకండి, ఫోన్ చెయ్యండి. పోయిన మీటింగులో వాళ్లు చెప్పాలనుకుని చెప్పలేకపోయినది ఏమిటో అడిగి రాసుకోండి. వచ్చే మీటింగులో మొదటి విషయంగా అదే పెట్టండి. ఆగస్టు 27న ఓ పావుగంట ట్రయల్ పెట్టుకుంటే నేనూ చేరతాను, పర్లాకిమిడి నుంచి మాట ఎలా వినబడుతుందో చూద్దాం.